కాంట్రాక్టర్‌కి మన బడ్జెట్ చెప్పేయాలా? 200 గజాలు, జీ ప్లస్ వన్

ఘట్‌కేసర్_ప్లాటు
నమస్కారం అండి. ఘట్‌కేసర్ దగ్గర 200 గజాల ప్లాటు, 30 × 60, తూర్పు ముఖం. కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్. సెట్‌బ్యాక్‌లు (చుట్టూ వదలాల్సిన ఖాళీ) పోను అంతస్తుకు 1,150 అడుగులు, మెట్ల హెడ్‌రూమ్ 120, మొత్తం స్లాబ్ ఏరియా 2,420 అడుగులు. లోనూ సొంత డబ్బూ కలిపి చేతిలో ఉన్నది 60 లక్షలు. ఇద్దరు కాంట్రాక్టర్లు విత్ మెటీరియల్ రేటు ఇచ్చారు, ఒకరు అడుగుకి 1,750, ఇంకొకరు 2,000. ఇద్దరూ ముందు అడిగింది "మీ బడ్జెట్ ఎంత సార్?" అనే. ఇంట్లో వాళ్లు అస్సలు నోరు విప్పొద్దంటున్నారు. చెప్పాలా? చెబితే ఏ అంకె చెప్పాలి?

ఒక్కమాట
చెప్పొద్దు. 60 ఉందంటే 60కి లెక్క వస్తుంది. 50 అంటే 50కి వస్తుంది. ఇల్లు మాత్రం అదే.

సెంట్రింగ్_చెక్క
అదే ఇల్లు కాదన్నా, తేడా అక్కడనే ఉంటది. నేను కాంట్రాక్టర్ల వైపు మనిషిని, చెప్పేది కొంచెం అటే మొగ్గుతది, అది కూడా లెక్కల పెట్టుకోండ్రి.

ఓనరు అంకె చెప్పకపోతే కాంట్రాక్టర్ ముందట రెండే దారులు. ఒకటి, రేటు తక్కువ కనబడాలని అన్నీ కింది రకం పెట్టి కాగితం ఇచ్చుడు. తలుపు చెక్కలు, స్విచ్చులు, నల్లాలు, టైల్స్ అన్నీ సగం ధరవి. పని మొదలైనంక ఓనరు షాపుకి పోయి మంచివి చూస్తడు, ఆ తేడా అంతా ఎక్‌స్ట్రా బిల్లు అయితది. రెండోది, ఓనరు కారు చూసి, మాట చూసి గుడ్డిగా ఒక రేటు చెప్పుడు. రెండిట్లనూ ఓనరుకే నష్టం.

ఎంబుక్
బడ్జెట్ చెప్పాలి. కానీ 60 అని కాదు. 60 లక్షలు మీ బడ్జెట్, కాంట్రాక్టర్ బడ్జెట్ కాదు. కాంట్రాక్ట్ బయట మీరే పెట్టాల్సినవి ముందు తీసేయండి. ధరలు మీ ఏరియాలో కనుక్కుని దిద్దుకోండి, లెక్క వేసే తీరు చూపడానికి నేను ఈ అంకెలు అనుకుంటున్నాను:

పర్మిషన్ ఫీజులు, ప్లాన్, స్ట్రక్చరల్ డ్రాయింగ్, లేబర్ సెస్: 2 లక్షలు
బోరు, మోటారు: 1.8
సంపు, సెప్టిక్ ట్యాంకు: 1.75
ప్రహరీ, గేటు: 3
వార్డ్‌రోబ్‌లు, మాడ్యులర్ కిచెన్: 6
కరెంటు కనెక్షన్, మీటర్లు: 0.6

ఇవి 15.15 లక్షలు. మిగిలింది 44.85. ఇందులోంచి అనుకోని ఖర్చులకి కాంట్రాక్ట్ విలువలో పదో వంతు పక్కన పెట్టాలి. 44.85ని 1.1తో భాగిస్తే 40.77. అంటే కాంట్రాక్టర్‌తో మాట్లాడేటప్పుడు మీ అంకె 40 లక్షల 75 వేలు, అది కూడా పన్నుతో కలిపి.

ఇప్పుడు 2,000 రేటుతో 2,420 అడుగులు చూడండి. 48.4 లక్షలు. మీ దగ్గరున్న దానికీ దానికీ తేడా 7.65 లక్షలు. ఈ తేడా ఇవాళ కాగితం మీద తేలితే కూర్చుని మాట్లాడుకోవచ్చు. పైస్లాబ్ పడ్డాక తేలితే టైల్స్ దగ్గర పని ఆగిపోతుంది.

లేబర్ సెస్ గురించి ఒక మాట. 2025 నవంబర్ దాకా భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్ చట్టం 1996 కింద నిర్మాణ వ్యయంలో 1 శాతం ఉండేది. సొంత నివాసానికి 10 లక్షల లోపు ఖర్చయితే లేదు. ఇప్పుడు దాని చోట సామాజిక భద్రత కోడ్ 2020 వచ్చింది, సొంత నివాసానికి మినహాయింపు 50 లక్షల దాకా ఉంది. మీకు పడుతుందో లేదో పర్మిషన్ తీసుకునేటప్పుడే కనుక్కోండి, పడితే ఆ ఫీజులతో పాటే కట్టించుకుంటారు.

ఒక్కమాట
పన్నుతో కలిపి అన్నారు. ఏ మేస్త్రీ జీఎస్‌టీ కడతాడండీ?

ఎంబుక్
లేబర్ కాంట్రాక్ట్ అయితే, అంటే మెటీరియల్ అంతా మీరే కొని కూలి మాత్రమే ఇస్తే, ఒక కుటుంబం కోసం కట్టే విడి ఇంటికి ఆ కూలి మీద జీఎస్‌టీ మినహాయింపు ఉంది. విత్ మెటీరియల్ అయితే అది వర్క్స్ కాంట్రాక్ట్, 18 శాతం. ఏడాదికి 20 లక్షలు దాటిన సేవలకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి 40 లక్షల పని పట్టేవాళ్లు దాని కిందికి వస్తారు. కొటేషన్ చివర చిన్న అక్షరాల్లో "జీఎస్‌టీ అదనం" అని ఉందేమో చూడండి. 2,000 మీద 18 శాతం వేస్తే 2,360. మొత్తం 57.11 లక్షలు. మీ 60లో సంపుకీ గేటుకీ కూడా చాలదు.

అందుకే మొదటి రోజే "నేను చెప్పే అంకె పన్నుతో కలిపి" అనేయాలి. చివర్లో దాని మీద వాదన పెట్టుకుంటే గెలవరు.

లోన్_వాల్యుయర్
బ్యాంకు వైపు నుంచి. లోన్ 30 లక్షల పైన, 75 లక్షల లోపు అయితే ఆర్‌బీఐ నిబంధన ప్రకారం విలువలో 80 శాతం దాటి ఇవ్వరు. మీ వాటా ముందు ఖర్చయ్యాకే బ్యాంకు డబ్బు మొదలవుతుంది. అదీ జరిగిన పనికే: బేస్‌మెంట్ అయ్యాక కొంత, స్లాబ్ అయ్యాక కొంత, ఇలా. సైటుకి వచ్చిన వాల్యుయర్ స్లాబ్‌కి సెంట్రింగ్ కట్టి ఉందని రాస్తే స్లాబ్ డబ్బు రాదు, కాంక్రీటు పడాలి.

కాబట్టి కాంట్రాక్టర్‌తో బడ్జెట్ మాట్లాడేటప్పుడు మొత్తంతో పాటు డబ్బు ఎప్పుడెప్పుడు వస్తుందో కూడా చెప్పండి. పనికి ముందే 20 శాతం కావాలని ఆయనా, పనయ్యాకే ఇస్తామని బ్యాంకూ అంటే మధ్యలో బయట వడ్డీకి తెచ్చేది మీరే.

ఇంకొకటి, ఎవరూ లెక్కలో వేసుకోరు. కట్టేటప్పుడు తీసుకున్నంత లోన్ మీద నెలనెలా వడ్డీ పడుతుంది. 45 లక్షల లోన్, 8.5 శాతం వడ్డీ, పది నెలల పని, సగటున సగం సొమ్ము బయటికి వచ్చిందనుకుంటే దాదాపు 1.6 లక్షలు. దానికి తోడు మీరుంటున్న ఇంటి అద్దె. పని మూడు నెలలు లేటయితే ఈ రెండూ పెరుగుతాయి, అప్పటికి లోన్ అంతా బయటికి వచ్చేసి ఉంటుంది కాబట్టి నెలకి పడే వడ్డీ అంతకుముందు నెలల సగటుకి రెట్టింపు.

ఘట్‌కేసర్_ప్లాటు
వడ్డీ జీతంలోంచి కట్టుకుంటాను, దాన్ని 60లో కలపలేదు. బ్యాంకుకి ఇంజనీర్ సంతకంతో ఎస్టిమేట్ ఇచ్చాం, అందులో 68 లక్షలు రాశారు. అదే కాగితం కాంట్రాక్టర్‌కి ఇచ్చేయొచ్చా?

లోన్_వాల్యుయర్
ఇవ్వకండి. లోన్ కోసం పెంచి రాసిన ఎస్టిమేట్ కాంట్రాక్టర్ చేతికి వెళ్తే ఇక మీ అంకె 68. అసలు పెంచడమే మంచిది కాదు, విలువ పెరిగినంత మేరా మీ వాటా కూడా చూపించాల్సి వస్తుంది.

నల్లరేగడి
గుంటూరు వైపు స్ట్రక్చరల్ పని. అందరూ అడుగు రేటు దగ్గరే ఆగారు గానీ, స్ట్రక్చరల్ డ్రాయింగ్ లేకుండా వచ్చిన ఏ రేటూ రేటు కాదు. అందాజు మాత్రమే.

మామూలు జీ ప్లస్ వన్‌కి అడుగుకి 4 కిలోల స్టీలు అనుకుంటారు. 2,420 అడుగులకి 9,680 కిలోలు, అంటే 9.7 టన్నులు. హాల్లో పిల్లర్ వద్దని 18 అడుగుల స్పాన్ (పిల్లర్‌కీ పిల్లర్‌కీ మధ్య దూరం) అడిగారనుకోండి, ముందు వైపు 5 అడుగుల బాల్కనీ వేలాడాలన్నారనుకోండి, పైన ఇంకో అంతస్తుకి వీలుండాలన్నారనుకోండి, 5 కిలోలకి పోతుంది. కిలో 65 రూపాయలు అనుకుంటే తేడా 1,57,300. సెంట్రింగ్, కాంక్రీటు తేడా దీనికి అదనం. కాంట్రాక్టర్ 4 కిలోలు అనుకుని రేటిచ్చి, తర్వాత డ్రాయింగ్ 5 కిలోలు అడిగితే ఆ తేడా ఎక్కడో ఒకచోట పూడ్చుకుంటాడు. 16 ఎంఎం రాడ్డు చోట 12 ఎంఎం పడుతుంది, లేదా రింగులు 6 అంగుళాలకి వేయాల్సినవి 8 అంగుళాలకి వేస్తారు. కాంక్రీటు పడ్డాక కంటికి కనిపించవు.

బరువు సరిచూడటం తేలికే. రాడ్డు మందం ఎంఎంలో, దాన్ని దానితోనే హెచ్చవేసి 162తో భాగిస్తే మీటరుకి కిలోలు. 8 ఎంఎం 0.395, 10 ఎంఎం 0.617, 12 ఎంఎం 0.888, 16 ఎంఎం 1.58. బార్ బెండింగ్ షెడ్యూల్ (ఏ మందం రాడ్డు ఎంత పొడవు, ఎన్ని కావాలో రాసిన జాబితా) అడిగి తీసుకోండి, వే బ్రిడ్జ్ చీటీతో పోల్చండి.

రెండోది పునాది. కొటేషన్‌లో "5 అడుగుల లోతు వరకు తవ్వకం" అని ఉంటుంది. మా వైపు నల్లరేగడి నేల, వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. గట్టి పొర దొరికే దాకా పోవాలి, లేకపోతే అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే లోతు పునాది స్తంభాలు) వేయాలి. తవ్విన నల్లమట్టినే బేస్‌మెంట్‌లో పోసి పైన టైల్స్ పరిస్తే రెండో వానాకాలానికి ఫ్లోరింగ్ లేస్తుంది, మొరం తోలించాల్సిందే. ఘట్‌కేసర్ వైపు సమస్య తిరగబడి ఉంటుంది: మూడు నాలుగు అడుగుల్లోనే రాయి తగలొచ్చు. పునాదికి మంచిదే, కానీ రాయి పగలగొట్టే బ్రేకర్ గంటల లెక్కన బిల్లు వేస్తుంది. సంపుకీ సెప్టిక్ ట్యాంకుకీ గొయ్యి తీయడం పునాది కంటే ఖరీదవుతుంది.

రేటు మాట్లాడక ముందే జేసీబీతో రెండు మూలల్లో గొయ్యి తీయించి కాంట్రాక్టర్‌ని అక్కడికి పిలవండి. గొయ్యి అంచున నిలబడి మాట్లాడితే "రాయి వస్తే ఎక్‌స్ట్రా" అన్న మాట "గంటకి ఇంత, ఇన్ని గంటలకి మించదు" అని మారుతుంది.

డాలస్_తెలుగు
బయట దేశంలో ఉండి కట్టించే వాళ్లకి ఇంకో చిక్కు. "అమెరికాలో ఉన్నారు కదా" అని రేటు మొదలవుతుంది. మీరెక్కడున్నారన్న సంగతి కాంట్రాక్ట్‌కి అనవసరం. మనం ఏం కావాలన్నా ఫోన్లో చెబుతాం, వాళ్లు సరే అంటారు, అదే ముంచుతుంది.

కాంట్రాక్టర్ తరఫు కాని ఇంజనీర్‌ని సైటుకి పెట్టుకోవాలి. ప్రతి కాంక్రీటుకీ ముందు ఆయన చూడాలి: ఫుటింగ్‌కి 50 ఎంఎం కవర్ (రాడ్డు బయట ఉండాల్సిన కాంక్రీటు మందం), పిల్లర్‌కి 40, బీమ్‌కి 25, స్లాబ్‌కి 20. కవర్ బ్లాకులు పెట్టిన ఫోటో, టేపు కనిపించేలా. ఆయన "సరే" అని మెసేజ్ పెడితేనే డబ్బు కదలాలి. ఇంజనీర్‌కి మాత్రం 60 అని పూర్తి లెక్క చెప్పేయండి, దాపరికం వద్దు. డిజైన్‌ని ఆ సొమ్ములో ఇమిడ్చేది ఆయనే కదా.

ఒక్కమాట
సరే, 40.75 చెప్పాం. పక్కన పెట్టిన 4 లక్షల సంగతి చెప్పాలా?

సెంట్రింగ్_చెక్క
చెప్పకండ్రి. కాంట్రాక్టర్‌నై ఉండి నేనే చెప్తున్న. ఓనరు దగ్గర ఇంకా పైసలున్నయని తెలిస్తే ఎవరైనా ఆ పైసలు అయిపోయేదాక ఎక్‌స్ట్రాలు వెతుకుతరు. చెడ్డతనం అని కాదు, ఎవరి పని వాళ్లు చూసుకుంటరు.

నల్లరేగడి
నేను ఒప్పుకోను. సొమ్ము ఎంతో చెప్పక్కర్లేదు గానీ, ఉందని చెప్పడమే మేలు. లేదని అబద్ధమాడి, నాలుగో నెలలో రాయి తగలగానే 80 వేలు తీసిచ్చారంటే మీ మాట మీద నమ్మకం పోతుంది. "అనుకోనివి వస్తే చూసుకుందాం, కాకపోతే ముందు రాతపూర్వకంగా రేటు, రోజులు ఇవ్వాలి, నేను ఓకే అన్నాకే పని" అనండి. అది గట్టి మాట.

ఒక్కమాట
ఇద్దరిలో సెంట్రింగ్ గారి మాటకే నా ఓటు.

ఘట్‌కేసర్_ప్లాటు
మరి 7.65 లక్షల తేడా? రేటు తగ్గించమని అడగనా?

సెంట్రింగ్_చెక్క
"రేటు తగ్గించండి" అంటే తగ్గిస్తరు. 2,000ది 1,850 అయితది, సిమెంటు మాలులో ఇసుక పెరుగుతది. అట్ల అడగొద్దు. గిట్ల అడుగుండ్రి: "మా దగ్గర కట్టడానికి ఉన్నది పన్నుతో కలిపి 40 లక్షల 75 వేలు. ఇది ప్లాన్, ఇది స్ట్రక్చరల్ డ్రాయింగ్, ఇది మేము అనుకున్న రకాల జాబితా. మీ లెక్క ఇంతకంటే ఎక్కువ వస్తే ఏది తీసేస్తే ఇందులో పడుతదో మీరే చెప్పండి." మంచి కాంట్రాక్టర్ అప్పుడు పెన్ను తీస్తడు. "అన్నీ అయిపోతయ్ సార్, మీరు ఫికర్ చేయకుండ్రి" అన్నోనికి మాత్రం చాయ్ తాగించి పంపండ్రి.

ఎంబుక్
ఏది తీస్తే ఎంత మిగులుతుందో జనానికి అంచనా ఉండదు. అందరూ ముందు టైల్స్ మీద పడతారు. అడుగుకి 20 రూపాయలు తక్కువ టైల్ కొంటే 1,900 అడుగుల ఫ్లోరింగ్‌కి మిగిలేది 38,000. అదే 120 అడుగుల గది ఒకటి ప్లాన్‌లోంచి తీసేస్తే అడుగు రేటు ప్రకారం 2.4 లక్షలు. నిజానికి ఖాళీ గది కట్టడానికి సగటు కంటే తక్కువే అవుతుంది, డబ్బు తినేవి బాత్రూములూ వంటిల్లూ. కానీ మీ ఒప్పందం అడుగు లెక్కన ఉంటే తగ్గింపు కూడా అడుగు లెక్కనే వస్తుంది. ఈ కిటుకు కాంట్రాక్టర్లకి తెలుసు. అందుకే ఏరియా తగ్గించమంటే కొంచెం నసుగుతారు.

మీ విషయంలో ఇంకా మంచి దారి ఉంది. పై పోర్షన్‌ని షెల్‌గా ఆపేయండి. స్లాబ్, గోడలు, బయటి ప్లాస్టరింగ్, బయటి రంగు, స్లాబ్‌లో కరెంటు పైపులు, బాత్రూముల సంకెన్ భాగం (పైపుల కోసం స్లాబ్‌ని కిందికి దించిన చోటు), డ్రైనేజీ పైపులు ఇప్పుడే అయిపోతాయి. లోపలి ప్లాస్టరింగ్, టైల్స్, తలుపులు, వైరింగ్, శానిటరీ, లప్పం, రంగులు తర్వాత. పై అంతస్తుకి 2,000 బదులు 1,300 దగ్గర కుదిరితే 1,150 అడుగుల మీద 8.05 లక్షలు మిగులుతాయి. మీ తేడా 7.65. బయట నుంచి చూస్తే ఇల్లు పూర్తయినట్టే ఉంటుంది, అద్దెకి ఇచ్చే పోర్షన్ ఏడాది తర్వాత పూర్తి చేసుకోవచ్చు. కాకపోతే బ్యాంకు చివరి వాయిదా విడుదల చేస్తుందో లేదో ముందే అడగండి.

లోన్_వాల్యుయర్
చాలా బ్యాంకులు పై అంతస్తు పూర్తి కాలేదని చివరి విడత ఆపుతాయి. సాంక్షన్‌కి ముందే ఎస్టిమేట్‌లో అలా రాసి ఇస్తే గొడవ ఉండదు. మంజూరయ్యాక మారిస్తే కాగితాలు మళ్లీ తిరగాలి.

వైరు_మనిషి
షెల్‌గా ఆపేవాళ్లు కరెంటులో తప్పు చేస్తారు. స్లాబ్‌లో పైపులు, ఫ్యాన్ బాక్సులు వేసి వదిలేస్తారు, గోడల్లోకి దిగే పైపుల మూతి మూయరు. ప్లాస్టరింగ్ మాలు పడి పూడుకుపోతాయి, తర్వాత వైరు లాగడానికి గోడ కొట్టాలి. ప్రతి మూతికీ క్యాప్ పెట్టించండి.

కొటేషన్‌లో "ఎలక్ట్రికల్ పని కలిపి" అంటే చాలదు. పాయింట్లు లెక్కించి రాయించాలి. గదికి ఎన్ని లైట్లు, ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని 6 ఆంప్స్ సాకెట్లు, ఎన్ని 16 ఆంప్స్, ఏసీ పాయింట్లు ఎక్కడ. వైరు: లైట్లకి 1.5, 16 ఆంప్స్‌కి 2.5, ఏసీకి 4 స్క్వేర్ ఎంఎం. బ్రాండ్ పేరు ఒకటే రాసి సైజు రాయకపోతే ఏసీకి 2.5 లాగేస్తారు, రెండో ఎండాకాలానికి సాకెట్ నల్లబడుతుంది. ఇన్వర్టర్ లూపు, టెర్రస్ మీద సోలార్ కోసం మీటరు దాకా ఖాళీ పైపు ఇప్పుడే వేయిస్తే వందల్లో పోతుంది.

ఘట్‌కేసర్_ప్లాటు
ఇద్దరి కొటేషన్లూ పక్కపక్కన పెడితే ఒకదానితో ఒకటి పోల్చేలా లేవు. 1,750 ఆయన ఒక్క పేజీ ఇచ్చాడు. 2,000 ఆయన ఆరు పేజీలు.

ఎంబుక్
ఆరు పేజీల ఆయనతోనే ముందు మాట్లాడండి. ఒక్క పేజీ ఆయనకి ఈ ప్రశ్నలు పంపండి, జవాబులు రాతలో రావాలి.

అడుగులు ఎలా కొలుస్తారు? గోడ బయటి నుంచి బయటికా? బాల్కనీ పూర్తిగానా సగమా? మెట్లు రెండు అంతస్తుల్లోనూ కలుపుతారా? హెడ్‌రూమ్, కిటికీల పైన సన్‌షేడ్లు, ఖాళీగా వదిలిన డక్ట్? ఒక్క బాల్కనీ, సన్‌షేడ్ల దగ్గరే వందకి పైగా అడుగులు పెరుగుతాయి, అంటే ఏకంగా రెండు లక్షలు. అడుగు రేటు తక్కువ చెప్పి అడుగులు పెంచుకోవడం పాత పద్ధతి.

టైల్స్, గ్రానైట్, నల్లాలు, తలుపులు: "బేసిక్ రేటు" ఎంత? పన్ను, రవాణా కలిపేనా? పరిచే కూలి ఏ సైజుకి? 2 × 2 టైల్ కూలికీ 4 × 2 టైల్ కూలికీ తేడా ఉంటుంది. బేసిక్ రేటు 45 అని రాసి, మీరు 75ది ఎంచుకుంటే, వేస్టేజీ కలిపి 2,000 అడుగులకి 60,000 మీ మీద పడుతుంది. అందుకే షాపుకి ముందే వెళ్లి, మీకు నచ్చేది ఎంత ఉందో చూసి, ఆ రేటే కొటేషన్‌లో రాయించండి. మొత్తం పెరిగినట్టు కనిపిస్తుంది. నిజంగా పెరిగింది కాదు, దాగి ఉన్నది బయటపడింది.

బాత్రూమ్, టెర్రస్ వాటర్ ప్రూఫింగ్, పిట్టగోడ, మెట్ల రెయిలింగ్, కిటికీ గ్రిల్స్, బయట లప్పం, ఓవర్‌హెడ్ ట్యాంకు, కట్టడానికి వాడే నీళ్లు, కరెంటు, చెత్త ఎత్తడం: ఉన్నాయా లేవా? లేకపోతే ఒక్కోదానికీ ఎంత?

కాంక్రీటు ఏ గ్రేడు? కాంక్రీటు పనికి భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఆర్‌సీసీకి ఎం 20 కంటే తగ్గకూడదు. సెంట్రింగ్ ఎన్ని రోజులకి తీస్తారు? 4.5 మీటర్ల లోపు స్లాబ్‌కి సపోర్టులు కనీసం 7 రోజులు, ఆ పైన 14, బీమ్‌ల కింద 6 మీటర్ల లోపు 14. రేటు మరీ తక్కువ ఉన్నచోట సెంట్రింగ్ అద్దె మిగుల్చుకోవడానికి తొందరగా తీసేస్తారు. రేటుకీ నాణ్యతకీ లంకె ఇలాంటి చోట్లే.

డాలస్_తెలుగు
సిమెంటు, స్టీలు ధర పెరిగితే ఎవరి మీద?

ఎంబుక్
ఒప్పందంలో ఆ రోజు ధర రాసుకోవాలి. 5 శాతం దాకా పెరిగినా తగ్గినా కాంట్రాక్టర్‌దే, ఆ పైన తేడా ఓనరుది, రెండు వైపులా. తగ్గింపు సంగతి ఓనర్లు మర్చిపోతారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంటు మీద జీఎస్‌టీ 28 నుంచి 18కి వచ్చింది. పన్ను ముందు ధర 280 అనుకుంటే బస్తా 358 నుంచి 330కి దిగాలి. అడుగుకి 0.4 బస్తా చొప్పున మీ ఇంటికి 968 బస్తాలు, 27 వేల తేడా. పాత ధర మీద కొటేషన్ ఇస్తున్నారేమో అడగండి.

ఇసుకకి ఇది పనికిరాదు. ఆంధ్రలో 2024 జూలై నుంచి ఉచిత ఇసుక విధానం ఉంది, అయినా తవ్వకం, లోడింగ్, రవాణా ఖర్చులు ఉంటాయి. దూరం బట్టి ధర మారిపోతుంది. ఇసుకకి "సైటులో దిగిన ధర" రాసుకోవాలి. కాంక్రీటుకి రోబో సాండ్, ప్లాస్టరింగ్‌కి నది ఇసుక అయితే ఆ సంగతి కూడా విడిగా.

సెంట్రింగ్_చెక్క
పేమెంట్ షెడ్యూల్ గురించి ఎవరూ రాయలేదు. గీ విషయంల కాంట్రాక్టర్‌ని నమ్మకుండ్రి, నన్నైనా సరే. నాకు సమంజసం అనిపించేది:

అగ్రిమెంట్ రోజు 5 శాతం, ప్లింత్ బీమ్ అయినంక 15, కింది స్లాబ్ పడ్డంక 18, పై స్లాబ్ 17, గోడలు 12, లోపల బయట ప్లాస్టరింగ్ 10, టైల్స్ 10, తలుపులు కిటికీలు, మొదటి కోటు రంగు 6, తాళం చేతికిచ్చిన రోజు 4, ఆరు నెలలు ఆగి 3.

పైస్లాబ్‌కి ఇచ్చింది 55 శాతం. కొందరు అప్పటికే 75 తీసుకుంటరు. ఆ తర్వాత ఆ సైటు మీద వాళ్లకు ఆశ ఉండదు, మనుషులను ఇంకో సైటుకి తీస్తరు. మీకు గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడ్తది, మీరే బతిమాలుకుంట ఎక్కువిస్తరు. పై పోర్షన్ షెల్‌గా ఆపితే ఈ శాతాలు మారుతయి, స్లాబులకు కొంచెం పెంచాలె, టైల్స్‌కు తగ్గించాలె.

ముహూర్తం తారీఖు కూడా కాంట్రాక్టర్‌కు ముందు చెప్పకుండ్రి. అగ్రిమెంట్‌ల పని పూర్తయ్యే తేదీ రాసుకుని, దాని మీద నెల రోజులు కలిపి ముహూర్తం పెట్టించుకోండ్రి.

నల్లరేగడి
దానికి తోడు వాస్తు. వాస్తు పండితుడికి చూపించాల్సింది ప్లాన్ కాగితం మీద ఉన్నప్పుడే. స్లాబ్ పడ్డాక "టాయిలెట్ ఈశాన్యంలో పడింది" అంటే సంకెన్ స్లాబ్, డ్రైనేజీ పైపులు అన్నీ తిరిగి చేయాలి. మధ్యలో వచ్చే మార్పుల ఎక్‌స్ట్రాల్లో కాంట్రాక్టర్ తప్పు తక్కువ, మనవే ఎక్కువ.

ఘట్‌కేసర్_ప్లాటు
2,000 ఆయనకి సెంట్రింగ్ గారు చెప్పిన మాటలే చెప్పి, పై పోర్షన్ షెల్‌గా అడిగాను. జవాబు వచ్చింది. కింద అంతస్తు, హెడ్‌రూమ్ కలిపి 1,270 అడుగులకి 2,000, పైన 1,150కి 1,350. పన్నుతో కలిపే అన్నారు. నా లెక్కలో 40.92 లక్షలు. 17 వేలే ఎక్కువ. బాల్కనీ సగం లెక్క అని రాసిచ్చారు. బ్రేకర్ గంట రేటు రాశారు గానీ గరిష్ఠ గంటలు ఒప్పుకోలేదు. అగ్రిమెంట్ ఎలా రాయించుకోవాలి?

ఎంబుక్
లెక్క సరిగ్గానే ఉంది: 25.4 ప్లస్ 15.525. ఆ 17 వేల కోసం బేరం ఆడకండి. దాని బదులు బ్రేకర్ విషయం తేల్చుకోండి: సంపు, సెప్టిక్ ట్యాంకు గోతులు ముందు తవ్విస్తే రాయి ఎంత ఉందో మొదటి వారంలోనే తేలిపోతుంది. అప్పుడు గరిష్ఠ గంటలు ఆయనే రాస్తారు.

అగ్రిమెంట్ స్టాంపు పేపరు మీద, ప్రతి పేజీకీ ఇద్దరి సంతకం, ఇద్దరు సాక్షులు. ప్లాన్, స్ట్రక్చరల్ డ్రాయింగ్ షీట్లు, రకాల జాబితా, చేర్చనివాటి జాబితా, పేమెంట్ షెడ్యూల్ అన్నీ జతపరిచి వాటి మీదా సంతకాలు. పన్నుతో కలిపి అన్న మాట, జీఎస్‌టీ నంబరు అందులోనే ఉండాలి, ప్రతి చెల్లింపుకీ ట్యాక్స్ ఇన్వాయిస్ ఇస్తానని కూడా. మార్పులు వాట్సాప్‌లో రేటు, రోజులు రాసి "ఓకే" అన్నాకే చెల్లుతాయని ఒక క్లాజు. సొంత ప్లాటులో కట్టించుకునే ఇల్లు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కిందికి రాదు, గొడవ వస్తే వినియోగదారుల కమిషనే దిక్కు. 2019 చట్టంలో సేవ నిర్వచనంలోనే ఇళ్ల నిర్మాణం ఉంది, 50 లక్షల దాకా జిల్లా కమిషన్ తీసుకుంటుంది. అక్కడ నిలబడేది రాసుకున్న కాగితం, బ్యాంకు ద్వారా చేసిన చెల్లింపులే.

లోన్_వాల్యుయర్
ఏడాదిలో ఒకే కాంట్రాక్టర్‌కి 50 లక్షలు దాటి ఇస్తే 2 శాతం టీడీఎస్ కోసి కట్టాల్సిన బాధ్యత ఓనరుదే, పాన్ ఉంటే చాలు. మీది 40.92 కాబట్టి మీకు లేదు. కానీ ఆ ఏడాదిలోనే కప్‌బోర్డులు, ప్రహరీ కూడా ఆయనకే ఇచ్చి 50 దాటిస్తే వస్తుంది.

ఘట్‌కేసర్_ప్లాటు
ప్రహరీ ఆయనకే ఇద్దామనుకున్నాను, 3 లక్షలు కలిపినా 44 లోపే. సోమవారం జేసీబీ పిలిచాను, సంపు గొయ్యి ముందు.

నల్లరేగడి
సంపు గొయ్యి పిల్లర్ ఫుటింగ్‌కి ఆనుకుని పడకుండా డ్రాయింగ్‌లో చోటు చూసుకుని తవ్వించండి. ఫుటింగ్ అడుగు కంటే సంపు అడుగు లోతుగా ఉంటే ముందు సంపు గోడలు కట్టి వెనక మట్టి నింపాకే ఆ పక్క ఫుటింగ్ వేయాలి. ఆ వరస కాంట్రాక్టర్‌కి ఇప్పుడే చెప్పండి.